బాకీ పుస్తకం: డిప్రెషన్‌తో వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని, ఏడాది చికిత్స

ఆమెను నా దగ్గరికి పంపిన చీటీలో రెండు ముక్కలే రాసి ఉన్నాయి: "హాజరు 41 శాతం. తరచూ తలనొప్పి." అది 2024 ఆగస్టు మూడో వారం. క్లినికల్ సైకాలజిస్టుగా నేను హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కళాశాలకు వారానికి రెండు రోజులు వెళ్తాను. హాజరు 75 శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు కనుక ఇలాంటి చీటీలు ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తాయి. చాలాసార్లు అవి "ఈ పిల్లకు కాస్త బుద్ధి చెప్పండి" అనే ఉద్దేశంతోనే వస్తాయి. ఈ చీటీ కూడా అలాగే వచ్చింది.

ఆమె వయసు 20 ఏళ్లు. బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదువుతోంది. సొంతూరు ఉత్తర తెలంగాణలో మరమగ్గాల మీద బతికే ఒక చిన్న పట్టణం. ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్‌లో మరో ముగ్గురితో కలిసి ఒకే గదిలో ఉంటుంది. ఈ కేసు రాయడానికి ఆమె రాతపూర్వకంగా అంగీకరించింది. ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను కొన్నిచోట్ల మార్చాను, కొన్నిచోట్ల వదిలేశాను. రాసిన ప్రతిని ఆమె చదివింది.

తలనొప్పి వెనుక

మొదటి రోజు ఆమె కుర్చీ అంచున కూర్చుంది. భుజాన ఉన్న బ్యాగు తీసి పక్కన పెట్టలేదు, ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు రావడానికి నాలుగైదు సెకన్లు పట్టేది. "తలకాయ బరువుగుంటది మేడం. పొద్దున లేవబుద్ధి కాదు. లేచినా ఏం చేయబుద్ధి కాదు." మనసెలా ఉందని అడిగితే "మంచిగనే ఉన్న" అంది. బాధ అన్న మాట గానీ డిప్రెషన్ అన్న మాట గానీ ఆ గంటలో ఒక్కసారీ ఆమె నోట రాలేదు. తన గురించి తాను చెప్పుకున్నది ఒకే ఒక్క మాట: "నాకు బద్ధకం మేడం."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఒక సాయంత్రం మనసు బాగోకపోతే "డిప్రెషన్‌లో ఉన్నా" అనడం నేటి యువతలో మామూలైపోయింది. నిజంగా అందులో మునిగి ఉన్నవాళ్లు మాత్రం తల బరువు, కాళ్లు గుంజడం, గుండెల్లో మంట, నిద్ర పట్టకపోవడం గురించే చెబుతారు. మిగిలినదంతా బద్ధకం ఖాతాలో వేసుకుంటారు. ఆమె క్లాస్ టీచరు, రూమ్‌మేట్లు, తల్లి, చివరికి ఆమె కూడా అదే మాట వాడారు. నలుగురూ ఒకే మాట అన్నప్పుడు అది నిజమేనని నమ్మడం తేలిక. కానీ బద్ధకస్తులు తమకు ఇష్టమైన పనికి బద్ధకించరు. అందుకని నేను చదువు సంగతి పక్కన పెట్టి బతుకమ్మ గురించి అడిగాను.

చిన్నప్పటి నుంచి వాళ్ల వాడలో తెల్లవారకముందే తంగేడు పూలకూ గునుగు పూలకూ వెళ్లేది, పాట ఎత్తుకునేది ఆమేనట. 2022లో నీట్ (మెడిసిన్ ప్రవేశ పరీక్ష) శిక్షణ సంస్థ హాస్టల్ నుంచి పండుగకు పంపలేదు. 2023లో ఇంటికి వెళ్లింది. "పోయిన మేడం. కానీ ఆడలే. పేర్చుడు అక్క చేసింది. నేను లోపల పండుకున్న." పంపకపోతే ఆడకపోవడం వేరు, వాకిట్లో ఆడుతుంటే లోపల పడుకోవడం వేరు. ఇష్టమైన వాటి మీద ఇష్టం చచ్చిపోవడం డిప్రెషన్‌కు ఉన్న రెండు ప్రధాన లక్షణాల్లో ఒకటి. మొదటిది దిగులు. ఆమె విషయంలో దిగులు కనిపించలేదు, రెండోదే ముందు కనిపించింది.

చరిత్ర క్లుప్తంగా ఇది. తండ్రి మరమగ్గం కార్మికుడు, తల్లి బీడీలు చుడుతుంది, అక్కకు పెళ్లయింది. పదో తరగతిలో మంచి గ్రేడు వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం కోవిడ్ కాలంలో, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్‌లో గడిచింది. 2021లో ఆ సంవత్సరం పరీక్షలే జరగలేదు. అదే ఏడాది నీట్‌లో 720కి 268 మార్కులు వచ్చాయి. హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్ (పరీక్ష మళ్లీ రాసేవాళ్లకు ఏడాది పొడవునా ఇచ్చే శిక్షణ) చేరాక 2022లో 391, మళ్లీ లాంగ్ టర్మ్ చేశాక 2023లో 402. సీటు రాలేదు. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్ ద్వారా డిగ్రీలో చేరింది. రెండో లాంగ్ టర్మ్ సగంలో, అంటే 2023 జనవరి నాటికే తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, బాత్‌రూమ్‌లో ఏడవడం మొదలయ్యాయి. వారం వారం పెట్టే పరీక్షల మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తూ, ఆ జాబితాను గోడకు అంటించేవారట. ఫలితం వచ్చాక రెండు నెలలు కాస్త తేరుకుంది గానీ, డిగ్రీ తరగతులు మొదలయ్యాక మళ్లీ కుంగిపోయింది. నా దగ్గరికి వచ్చేనాటికి దాదాపు పది నెలలుగా అదే స్థితి. రోజుకు ఒక్కపూటే సరిగా తింటోంది. ఆరు కిలోలు తగ్గింది.

తొమ్మిదో ప్రశ్న

ఆ రోజు జరిగిన ఒక పొరపాటు నాది. అది రాయకపోతే ఈ కేసు రాయడంలో అర్థం లేదు.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిని తెలుగులో నింపించాను. గత రెండు వారాల గురించి అడిగే తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 27. తొమ్మిదో ప్రశ్న చావు గురించిన ఆలోచనల గురించీ, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించీ అడుగుతుంది. ఆమె నింపుతుండగానే నేను అడ్డదారిలో అడిగాను: "ఏవైనా చెడ్డ ఆలోచనలు వస్తున్నాయా?" లేదంది. కాగితం తీసుకుని ఫైల్లో పెట్టి, వచ్చే వారం రమ్మని పంపేశాను. సాయంత్రం ఐదు దాటాక మార్కులు కూడుదామని కాగితం తీస్తే మొత్తం 19 వచ్చింది. 15 నుంచి 19 వరకు ఉంటే తీవ్రతకు ఒక మెట్టు కింద ఉన్నట్టు లెక్క. తొమ్మిదో వరుసలో "కొన్ని రోజులు" అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. గట్టిగా కాదు, పెన్సిల్‌తో, చెరిపేయడానికి వీలుగా.

వెంటనే ఫోన్ చేశాను. హాస్టల్ మెట్ల మీద కూర్చుని మాట్లాడింది. ఈసారి సూటిగానే అడిగాను: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "అనిపిస్తది మేడం. కానీ చెయ్యను. నేను లేకపోతే నాన్నకు నెలనెలా కట్టుడు తప్పుతది గదా అనిపిస్తది." "చెడ్డ ఆలోచనలు" అన్నది నా భయం కొద్దీ నేను వాడిన మాట. అందులో ఒక తీర్పు ఉంది, ఔనంటే తాను చెడ్డదాన్నని ఒప్పుకున్నట్టవుతుంది. చావు అన్న మాట మనం పలికితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామంది అధ్యాపకులకూ తల్లిదండ్రులకూ ఉంది. అది నిజం కాదు. సూటిగా, నెమ్మదిగా అడిగినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఆమె కూడా ఆ తర్వాతే మాట్లాడటం మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, ఏదైనా మార్గం ఆలోచించిందా, గతంలో ప్రయత్నించిందా అన్నవన్నీ అడిగాను. ప్రయత్నం లేదు. ఒక మార్గం గురించి మాత్రం ఆలోచించింది. ఆ వివరం ఇక్కడ రాయను.

అప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "పోలీసోళ్లకు చెప్తరా మేడం?" ఆలోచన రావడం ఎన్నడూ నేరం కాదని, ప్రయత్నించినవారిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోందని వివరించాను. ఆమె మేజరు కనుక చెప్పిన విషయాలు గోప్యంగా ఉంటాయని, ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఒకరిద్దరికి చెప్పక తప్పదని, అది కూడా ముందుగా ఆమెకు చెప్పిన తర్వాతేనని అన్నాను. ఆమె ఒప్పుకున్నాక, బాగా నమ్మే రూమ్‌మేట్‌తో అదే ఫోన్‌లో మాట్లాడాను. ఆ రాత్రి ఆ అమ్మాయి పక్కనే పడుకుంది. మర్నాడు తొమ్మిదింటికి ఇద్దరూ కలిసి వచ్చారు.

ఆ ఉదయం గంటన్నర ఒక భద్రతా ప్రణాళిక మీదే గడిచింది. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన ఈ పద్ధతిలో ముఖ్యమైన విషయం ఏమిటంటే, అది చికిత్సకులు రాసిచ్చే కాగితం కాకుండా ఆ వ్యక్తి సొంత చేతిరాతతో, సొంత మాటలతో ఉండాలి. ఆలోచన ముదురుతోందని తెలిపే గుర్తులు ఏమిటన్న చోట ఆమె "గోడ దిక్కు తిరిగి పండుకోవడం, అన్నం గిన్నె తీసుకోకపోవడం" అని రాసింది. ఒంటరిగా చేయగలిగేవి, వెళ్లగలిగే చోట్లు, ఫోన్ చేయగలిగే మనుషులు అని వరుసగా రాసి, అక్క నంబరు, రూమ్‌మేట్ నంబరు, నా నంబరు, చివర్న టెలీ మానస్ 14416 వేసింది. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉచితం. ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆమె ఆలోచించిన మార్గానికి సంబంధించిన వస్తువును ఆమె సమ్మతితోనే గదిలోంచి తీయించాం. అప్పటి నుంచి నింపిన ప్రశ్నావళిలో తొమ్మిదో వరుస చూడకుండా ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వడం లేదు.

ఎర్రగడ్డ అనే మాట

సైకియాట్రిస్టును కలవాలని చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. "ఎర్రగడ్డకు పంపిస్తరా?" ఈ నగరంలో పెరిగినవారికి ఈ మాట గురించి చెప్పనక్కర్లేదు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య వైద్యశాల. దశాబ్దాలుగా వేలమంది కోలుకుని ఇళ్లకు వెళ్లిన చోటు అది. అయినా స్కూలు పిల్లల తిట్ల దగ్గర్నుంచి ఆ ఊరి పేరే ఒక ముద్రగా మారిపోయింది. ఈ ముద్రను ఒక సెషన్‌లో చెరిపేయడం నా వల్ల కాదు. ఆ రోజుకు కావలసింది వైద్యం అందడం కాబట్టి, కళాశాలకు దగ్గరలోని ఒక జనరల్ ఆస్పత్రి సైకియాట్రీ విభాగాన్ని ఎంచుకున్నాం. అక్కడ ఓపీ చీటీ తీసుకునే వరుసలో జ్వరం వాళ్లూ, కాళ్ల నొప్పుల వాళ్లూ అందరూ ఉంటారు. రూమ్‌మేట్ వెంట వెళ్లింది.

అక్కడ చేయించిన రక్తపరీక్షల్లో థైరాయిడ్ మామూలుగానే ఉంది గానీ హిమోగ్లోబిన్ 8.4 మాత్రమే ఉంది. నీరసానికీ తల బరువుకూ ఇది కూడా ఒక కారణం. డిప్రెషన్ అని ఒకసారి అనుకున్నాక ఒంట్లోని సంగతి మరిచిపోవడం మా వృత్తిలో పెద్ద ప్రమాదం. ఐరన్ మాత్రలు రాశారు. వాటిని టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకోమన్నారు, ఎందుకంటే టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, అతి ఉత్సాహంతో, అదుపులేని ఖర్చుతో రోజుల తరబడి గడిచిన కాలం ఎప్పుడైనా ఉందా అని నేనూ డాక్టరూ విడివిడిగా అడిగాం. అలాంటి చరిత్ర ఉంటే జబ్బు బైపోలార్ కావచ్చు, అప్పుడు మందే వేరు. లేదు.

డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్‌ను 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పది రోజులకు 10 చేశారు. ఈ తరగతి మందులు వాడే 25 ఏళ్లలోపు వారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం కొందరిలో ఉంటుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలోనూ, 2007లో 24 ఏళ్ల వరకూ హెచ్చరిక పెట్టింది. అందుచేత మొదటి నెలంతా ఆమెను వారానికి రెండుసార్లు చూశాను. ఐదో రోజున ఆమె మందు మానేసింది. కడుపులో తిప్పుతోందట. పైగా పక్క గది అమ్మాయి "అవి నిద్రమాత్రలు, అలవాటైపోతయ్" అందట. ఇవి నిద్రమాత్రలు కావు, వాటి మీద వ్యసనం పుట్టదు, కడుపు తిప్పడం సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతుంది, గుణం కనబడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, మానాల్సి వస్తే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఈ మాటలు మందు మొదలుపెట్టిన రోజే చెప్పి ఉంటే ఆ మూడు రోజుల విరామం వచ్చేది కాదు.

బాకీ పుస్తకం

మూడో సెషన్‌లో బ్యాగులోంచి ఒక చిన్న డైరీ తీసి బల్ల మీద పెట్టింది. ఏజెంట్లు కొత్త సంవత్సరానికి పంచే రకం, అరచేయి అంత, నీలం అట్ట. ఎడమ వైపు తేదీ, కుడి వైపు మొత్తం. "లాంగ్ టర్మ్ 1 – 85,000. లాంగ్ టర్మ్ 2 – 95,000. కళ్లజోడు – 1,400. జ్వరం – 620. టీ – 10. టీ – 10." ప్రతి పేజీ అడుగున కూడిక, దాన్ని తర్వాతి పేజీకి తీసుకెళ్లడం, అంతా పెన్సిల్‌తో. ఆ రోజుకు మొత్తం 3,46,270. మూడేళ్లుగా ఇంటివాళ్లు తన మీద పెట్టిన ప్రతి రూపాయి అందులో ఉంది. ఎందుకు రాస్తున్నావని అడిగితే, "టీ తాగితే అమ్మ ఎన్ని బీడీలు చుట్టాల్నో లెక్క కడత మేడం. అందుకే తాగుడు బందు చేసిన" అంది.

ఆ డైరీ చూశాకే ఈ కేసు నాకు అర్థమైంది. బాకీ పెరిగిందనిపించిన కొద్దీ ఆమె ఖర్చు తగ్గించుకుంది. ముందు టీ, తర్వాత ఉదయం టిఫిన్, తర్వాత స్నేహితులతో బయటికి వెళ్లడం, తర్వాత రికార్డుల జిరాక్సు. తిండి తగ్గితే ఒంట్లో సత్తువ తగ్గింది. మనుషులు తగ్గితే మనసుకు ఆసరా తగ్గింది. లేవలేక క్లాసులు మానింది. క్లాసులు మానితే ఫీజు దండగైందన్న అపరాధభావం పెరిగి, అది కూడా డైరీలో ఒక పద్దుగా చేరింది. గదిలో పడుకుని ఫోన్ చూస్తే లాంగ్ టర్మ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెల్లకోటు ఫొటోలు. ఒక్కో అడుగూ పొదుపులాగే కనిపించింది గానీ, ప్రతిదీ ఆమెను ఇంకా లోపలికి నెట్టింది.

ఇక్కడ చికిత్సకులు ఒక తప్పు చేయడానికి అవకాశం ఉంది. డిప్రెషన్‌లో ఆలోచనలు వక్రీకరణకు లోనవుతాయని మాకు పాఠాల్లో నేర్పుతారు. ఆ చూపుతో ఈ డైరీని చూస్తే "నువ్వు డబ్బు గురించి అతిగా ఆలోచిస్తున్నావు" అనబుద్ధవుతుంది. అది అబద్ధమే కాక, అవమానం కూడా. ఆ ఇంట్లో అప్పు నిజం, వడ్డీ నిజం, తల్లి వేళ్లు నిజం. జబ్బు అదనంగా చేర్చింది ఒకే ఒక్క వాక్యం: "నేనే ఆ బాకీ." అప్పు ఉంది అనడానికీ నేనే అప్పును అనడానికీ మధ్య ఉన్న దూరమే మా పనికి స్థలం. నేను లేకపోతే కట్టుడు తప్పుతది, అంటే నాన్నకు ఆ భారం పోతుంది అన్న ఆనాటి మాట ఆ రెండో వాక్యం నుంచే వచ్చింది. అందువల్ల డైరీ రాయడం మానెయ్యమని నేను ఎన్నడూ అనలేదు.

జీరో టికెట్

చికిత్సకు బిహేవియరల్ యాక్టివేషన్ పద్ధతిని ఎంచుకున్నాను. మనసు బాగుపడ్డాక పనిలోకి దిగుదామనుకునే వరసను తిరగేసి, చిన్న పనితో మొదలుపెడితే మనసు వెనకాలే వస్తుందన్నది దీని సారం. 1996లో నీల్ జాకబ్సన్ బృందం చేసిన పరిశోధనలో, ఆలోచనలను పరిశీలించి సరిదిద్దే కాగ్నిటివ్ థెరపీ మొత్తం పొందినవారితో సమానంగా, అందులోని ఈ ఒక్క భాగాన్నే పొందినవారు కూడా కోలుకున్నారు. ఆమె స్థితిలో మాటలతో చేసే విశ్లేషణ కంటే ఇదే నయమని నాకనిపించింది, ఎందుకంటే ఆలోచనలను ఎదురుగా పెట్టుకుని వాదించే ఓపిక ఆమెకు అప్పట్లో లేదు.

నేను మొదట ఇచ్చిన పని తప్పింది. ఉదయం ఆరింటికి లేచి అరగంట నడవమన్నాను. మూడు రోజులూ లేవలేకపోయింది. నాలుగో రోజు నా ఎదుట కూర్చుని "ఇది కూడా ఫెయిలైన మేడం" అంది. మూడేళ్లుగా పరీక్షల్లో తప్పుతూ వచ్చిన అమ్మాయికి నేను మరో పరీక్ష పెట్టానన్నమాట. ఉదయపు నడక నాకు మంచిది, నాకు అలవాటు. ఆమె రోజును చూడకుండా నా రోజును ఆమెకు ఇచ్చాను. ఆ వారం ఏ పనీ ఇవ్వలేదు. గంట గంటకూ ఏం చేస్తోందో, అప్పుడు మనసు పదికి ఎంత ఉందో మాత్రం రాయమన్నాను. రాసుకొచ్చిన కాగితంలో అన్నీ ఒకట్లూ రెండ్లే, ఒక్కచోట నాలుగు. ఆ గంటలో ఏం చేసిందా అని చూస్తే, కళాశాల నుంచి వస్తూ దిగాల్సిన స్టాపు మరిచిపోయి సిటీ బస్సులో ఇంకా ముందుకు వెళ్లిపోయిందట.

2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఆమె జీవితంలో డైరీకి ఎక్కని సంతోషం ఇదొక్కటే. కాబట్టి పనిని అక్కడి నుంచే కట్టాం. వారానికి మూడు సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి కోఠీలో దిగడం, పాత పుస్తకాల దుకాణాల ముందు నుంచి ఒక చుట్టు నడిచి మళ్లీ బస్సెక్కడం. పుస్తకం కొనక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మొదటి రోజు వెళ్లేముందు రెండు, వచ్చాక మూడు అని రాసి, పక్కన "కిటికీ సీటు దొరికింది" అని రాసుకొచ్చింది. ఆ వారం డైరీలో కూడా ఒక కొత్త పద్దు కనిపించింది: "బస్సు – 0." ఆ సున్నాను కూడా కూడికలో వేసింది.

దీని మీద మెల్లగా మిగిలినవి చేర్చాం. ఉదయం ఎనిమిదికి హాస్టల్ మెస్‌లో రెండు ఇడ్లీలైనా తినడం (మెస్ డబ్బు ఎలాగూ కట్టేసిందే, తినకపోతే మిగిలేది ఏమీ లేదు), దుప్పటి ఉతకడం, మధ్యాహ్నం ప్రాక్టికల్ క్లాసుకు మాత్రం వెళ్లడం. నాలుగో వారంలో పీహెచ్‌క్యూ 18. చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ఆ సమయంలో నాకు కూడా దిగులు వేసింది. మందు గుణం ఇంకా పూర్తిగా అందలేదు, రక్తహీనత ఇంకా తగ్గలేదు, ఆగాలని తెలిసినా ఆగడం కష్టమే. ఆరో వారానికి 14 అయింది. నిద్ర ముందు బాగుపడింది, తర్వాత ఆకలి, అన్నిటికంటే ఆలస్యంగా మనసు.

నాన్న ఫోను

ఇంటివాళ్లకు చెప్పడానికి ఆమె ఐదు వారాలు ఒప్పుకోలేదు, నేను ఒత్తిడి చేయలేదు. అక్కకు మాత్రం ముందునుంచీ తెలుసు. ఆరో వారంలో తల్లి ఒక్కతే వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రానికి తిరిగి వెళ్లాలి. "మంచిగనే ఉంటది మేడం, ఫోన్ పట్టుకొని పంటది, గంతే. దిష్టి తాకిందేమో అనుకున్న" అంది. నేను దిష్టి గురించి వాదించలేదు. తీయించుకోమన్నాను కూడా, మాత్ర మాత్రం ఆపొద్దన్నాను. షుగరొస్తే మందు వేసుకున్నట్టే ఇదీ అన్న పోలిక చాలామంది వాడతారు. నేను ఆమెకు రక్తం రిపోర్టే చూపించాను, ఒంట్లో రక్తం తక్కువైనట్టే మనసులో సత్తువ తక్కువైందని చెప్పాను. అది ఆమెకు వెంటనే అర్థమైంది.

తండ్రి రాలేకపోయాడు, మగ్గం ఆపితే ఆ రోజు కూలి పోతుంది. బిడ్డ కోరిక మీదే ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. డైరీ గురించి ఆమే చెప్పింది, మొత్తం ఎంతైందో కూడా చెప్పింది. అటునుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. మొదట ఆయనకు కోపం వచ్చింది. "నేను అడిగిన్నా నిన్ను?" అని గట్టిగా అన్నాడు. ఆమె ఏడ్చింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆయన గొంతు తగ్గించి, "రాసుకో బిడ్డా. కొలువొచ్చినంక ఇద్దువు గాని. ముందుగాల అన్నం తిను" అన్నాడు.

బాకీ లేదు అని ఆయన అని ఉంటే ఆమె నమ్మేది కాదు. ఆయన బాకీని ఒప్పుకుని, దానికి గడువిచ్చాడు. గడువున్న అప్పు తీర్చడానికి మనిషి ఉండాలి, తినాలి. నేను ఆరు వారాలుగా చెప్పలేకపోయిన దాన్ని ఆయన మగ్గం పక్కన నిలబడి మూడు ముక్కల్లో చెప్పాడు. ఆ తర్వాతి సెషన్లలో "నేనే బాకీ" అన్న వాక్యాన్ని విడదీసి చూసే పనికి పునాది ఇదే. డైరీలో ఎదుటి పేజీ ఖాళీగా ఉండేది. అక్కడ తాను ఇంటికి చేసినవి రాయమన్నాను, పదో తరగతి నుంచి. అక్క కాన్పప్పుడు నెల రోజులు వంట, తల్లి పింఛను కాగితాలు, తునికాకు కత్తిరింపు. వీటికి ధర వేయనని, వరుసగా రాస్తానని మాత్రం అంది. అలాగే రాసింది.

ఆ అక్టోబర్‌లో బతుకమ్మకు ఊరు వెళ్లింది. ఆడలేదు. కానీ పేర్చింది. వచ్చాక ఎలా ఉందని అడిగితే "కింది వరుస నేనే పెట్టిన, పైకి అక్క పెట్టింది" అంది. నా నోట్సులో ఆ రోజు పీహెచ్‌క్యూ 11 అని ఉంది.

కళాశాలలో చేయాల్సిన పని

డిప్రెషన్ ఉన్న విద్యార్థికి సాయం నా గదిలోనే జరుగుతుందనుకుంటే పొరపాటు. హాజరు తక్కువున్న వారి పేర్లను క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఈ కళాశాలలో ఉండేది. ఆ జాబితా వచ్చిన రోజు ఆమె అసలు వచ్చేది కాదు. ఆ పేర్లను ఎవరికి వారికే పంపమని ప్రిన్సిపల్‌ను కోరాను. రెండు సమావేశాలు పట్టింది గానీ ఒప్పుకున్నారు. ఆమె అనుమతితో సైకియాట్రిస్టు ఇచ్చిన సర్టిఫికెట్‌ను, జబ్బు పేరు లేకుండా, హాజరు మినహాయింపు కోసం పంపాం. మొదట చీటీ రాసిన క్లాస్ టీచరు ప్రతి బుధవారం ల్యాబ్ అయ్యాక రెండు నిమిషాలు ఆమె పక్కన నిలబడి రికార్డు చూసేవారు, సలహాలేవీ ఇవ్వకుండా. ఆ రెండు నిమిషాల కోసమే బుధవారం మానేదాన్ని కాదని ఆమె తర్వాత చెప్పింది.

2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడాన్నీ అందరి ముందు కించపరచడాన్నీ వీలైనంతవరకు మానుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. నా దృష్టిలో రెండో మాట మొదటి దానికంటే ముఖ్యం. గోడ మీద జాబితా అలాగే ఉంచి, పక్క గదిలో నన్ను కూర్చోబెడితే ఉపయోగం తక్కువ.

ఆ తర్వాత

మూడో సెమిస్టర్‌లో కెమిస్ట్రీ తప్పింది, మిగిలినవి పాసైంది. 2025 జనవరికి పీహెచ్‌క్యూ 6, హిమోగ్లోబిన్ 11.2. సెషన్లను నెలకు ఒకటికి తగ్గించాం. మే 4న నీట్ జరిగింది. ఆ ముందు వారం మూడున్నర మెలకువలు మళ్లీ మొదలై, మార్కు 12కి ఎక్కింది. తొమ్మిదో ప్రశ్నకు సున్నా పెట్టింది, అయినా సూటిగా అడిగాను. కాగితం మీద రాసుకున్న గుర్తుల్లో మొదటిది కనిపించగానే, అంటే రెండు రోజులు వరుసగా గోడ దిక్కు తిరిగి పడుకోగానే, ఆమే ఫోన్ చేసింది. బ్యాచ్ గ్రూపును ఆ నెలంతా మ్యూట్‌లో పెట్టింది, బస్సు ప్రయాణాలను వారానికి ఐదు చేసింది. జూన్ మధ్యకు 7కి దిగింది. కోలుకున్న తర్వాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగించడం ఆనవాయితీ. మేలో వచ్చిన ఈ కుదుపు దృష్ట్యా సైకియాట్రిస్టు ఆ గడువును మరికొంత పొడిగించారు. తల్లికి అది నచ్చలేదు. ఆ మాట ఇంకా తెమలలేదు.

డైరీ ఇప్పటికీ రాస్తోంది. టీ మళ్లీ మొదలైంది, ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడం ఉంచి. ఆ పది రూపాయలూ ఎడమ పేజీలోనే పడుతున్నాయి. మొన్న ఆగస్టులో వచ్చినప్పుడు కూడిక రెండు నెలలుగా తర్వాతి పేజీకి తీసుకెళ్లలేదని గమనించి అడిగాను. "టైం దొరకలే మేడం, కెమిస్ట్రీ చదువుకుంటున్న" అంది. బ్యాక్‌లాగ్ పరీక్షకు ముందు వారంలో మరోసారి రమ్మన్నాను.